తినే చేతి వైపు

జూన్ 9, సోమవారం

మా మేనకోడలు తియామికే ప్రసవం సెలవు ముగిసింది. టీచరు కదా, పొద్దున్నే బడికి వెళ్లిపోయింది, నాలుగు నెలల పిల్ల ఫాలెసి ఇంట్లో ఉండిపోయింది. బాలింతకి సెలవిచ్చామని చెప్పుకునే ప్రభుత్వం ఆ సెలవు ఎక్కడ ఆగిపోతుందో మాత్రం చెప్పదు. సరే, అది పత్రికలో నా ఆదివారం కాలమ్‌కి.

ఇక ఫాలెసి మెడ పని నాది. పొద్దునోసారి, మధ్యాహ్నం ఓసారి. సాయంత్రం తల్లి చేస్తుంది. తియామికే తల్లి, మా అక్క ఎలూబి మణికట్లు వాచిపోయి మందాసి బూరెల పిండి కలపడానికే సహకరించడం లేదు, ఆవిడని అడగలేం. పిల్ల తండ్రి లారీ మీద ఉత్తరాన ఎక్కడో ఉంటాడు. ఇంట్లో రోజంతా కూర్చుని కాగితాలు ఖరాబు చేసేవాణ్ణి నేనొక్కణ్ణే అని అక్క అంది. మేనమామే ఇంటికి దిక్కని పెళ్లిళ్లలో ఉపన్యాసాలు ఇస్తాం కదా. దిక్కు అంటే ఇదీ.

పిల్లకి పుట్టుకతోనే మెడ కండరం ఒక పక్క బిగుసుకుపోయింది. తడిమితే చర్మం కింద వేరుశెనగ గింజంత ముడి. తల ఒక భుజం మీదికి వాలిపోయి, మొహం ఎప్పుడూ కిటికీ వైపే ఉంటుంది. మమ్మల్నెవర్నీ లెక్కచేయనట్టు.

మిషన్ ఆసుపత్రి ఫిజియో చవింగా గారు చెబుతుంటే తియామికే రాసుకొచ్చిన చీటీ నా బల్ల ఎదురుగా అంటించాను. "వెల్లకిలా పడుకోబెట్టి, తల వైపు కూర్చుని, ఒక చేత్తో భుజం పట్టుకోవాలి. మొహాన్ని తినే చేతి వైపు మెల్లగా తిప్పి ముప్పై లెక్కపెట్టాలి. అయిదుసార్లు. తర్వాత బోర్లా. ఏడుస్తుంది, భయపడొద్దు."

భయమా. నా కాలమ్ చదివి ఏడ్చినవాళ్లు మంత్రుల ఇళ్లల్లో ఉన్నారు.

జూన్ 10

ఏడవలేదు.

జూన్ 12, గురువారం

ఇవాళ కూడా ఏడవలేదు. నవ్వింది. మూడో తిప్పులో నా ముక్కు పట్టుకుంది.

సాయంత్రం అదే పిల్ల తల్లి చేతిలో వీధి చివరి పిండిమర దాకా వినపడేట్టు ఏడుస్తుంది. తేడా ఏమిటో ఆలోచించాను. బలంలో కాదు, మర్యాదలో ఉంది. మనవాళ్లు పిల్లల్ని వస్తువుల్లా ఎత్తి దింపుతారు, ఒక్క మాట చెప్పరు. నేను ముందు చెబుతాను: "ఫాలెసీ, ఇప్పుడు మీ మెడ తిప్పబోతున్నాను, అభ్యంతరాలుంటే తెలపండి." ఆమె ఆలోచిస్తుంది. తర్వాత తిప్పుతాను. ఆమోదం తీసుకుని చేసే పనికి ప్రతిఘటన ఉండదు. ఇది పరిపాలనకీ వర్తిస్తుంది.

ఈ మాట తియామికేకి నచ్చజెప్పబోయాను. ఆమె నలభై నోటు పుస్తకాలు దిద్దుతోంది. "మీరు మంచివాళ్లు మావయ్యా" అంది తల ఎత్తకుండా. అది మెచ్చుకోలు కాదు.

జూన్ 15, ఆదివారం

చర్చి నుంచి ఇద్దరు ఆడవాళ్లు పిల్లని చూడటానికి వచ్చారు. కడుపుతో ఉండగా అంత్యక్రియల దారిలో వెనక్కి తిరిగి చూసి ఉంటావు తల్లీ, అని ఒకావిడ తియామికేతో ఎంతో ప్రేమగా అంది. ప్రేమగా అనేవే నాకు ఒళ్లు మండిస్తాయి. పిల్లకి పంటి నొప్పి వచ్చినా తల్లి ఎటు చూసిందో, ఎటు నడిచిందో లెక్క తీస్తారు. తండ్రి ఎటు చూశాడో ఒక్కరూ అడగరు. ఆ మాటే అన్నాను. వాళ్లు తాగుతున్న తోబ్వా గ్లాసులు సగంలో దించేసి వెళ్లిపోయారు.

అక్క ఆ సగం గ్లాసులు తీసి పక్కన పెట్టింది. తర్వాత అంది: "ఆ పిల్ల మెడ ఎవరి పోలికో ఇప్పుడు తెలిసింది." మా భాషలో మొండివాణ్ణి ఎండిన మెడవాడు అంటారు. నా గురించి సంపాదకుడికి వచ్చే ఉత్తరాల్లో సగం ఆ మాటతోనే మొదలవుతాయి.

జూన్ 17, మంగళవారం

పొద్దున వ్యాయామం చేయిస్తుంటే అక్క గుమ్మంలో నిలబడి చూసింది.

"లైసన్, పిల్ల ఎప్పుడూ అటే చూస్తుంది కదా. మళ్లీ అటే తిప్పుతావేం?"

మొదటిరోజు నాకూ ఆ అనుమానం వచ్చిన మాట నిజం. కానీ అనుమానం వేరు, శాస్త్రం వేరు. చీటీ చూపించాను. చదువుకున్న మనిషి, ఆ పనిలోనే ఇరవై ఏళ్లున్న మనిషి చెప్పి రాయించింది. మన కంటికి సబబుగా కనబడటమే ప్రమాణమైతే భూమి ఇంకా బల్లపరుపుగానే ఉండేది. వంగిన కడ్డీని సరిచేసే కమ్మరి ముందు వంపు వైపే కొంచెం ఒత్తుతాడేమో, నీకు తెలుసా, నాకు తెలుసా అన్నాను. ఈ దేశానికి పట్టిన తెగులు తెలియని విషయంలో అభిప్రాయం ఉండటమే అని కూడా అన్నాను. అరగంట మాట్లాడాను. నూనె మాడుతోందని అక్క వెళ్లిపోయింది.

ఫాలెసి అంతా విన్నది. ఆమెకి నేనంటే విసుగు లేదు.

జూన్ 22, ఆదివారం

భోజనానికి చర్చి పెద్ద వచ్చాడు. నేను ఎడమ చేత్తో న్సిమా ముద్ద తీసుకోగానే చూపు తిప్పుకున్నాడు. యాభై మూడేళ్లొచ్చినా నా చెయ్యి ఇంకా జనానికి అభ్యంతరమే. నాలుగో తరగతిలో మాస్టారు ఈ వేళ్ల మీదే రూళ్లకర్ర విరగ్గొట్టాడు. పద్నాలుగో ఏట ఇక చాలనుకున్నాను. అప్పటి నుంచి రాయడం, తినడం, అవసరమైతే వేలు చూపించడం అన్నీ దీంతోనే. పెద్దమనిషి ఇంట్లోనైనా, పెళ్లిలోనైనా. దీని మీద నాలుగు కాలమ్‌లు రాశాను. అయిదోది రాయాలి.

జూన్ 27

ఏడవలేదు. ఇవాళ నిద్రపోయింది కూడా, మెడ నా చేతిలో ఉండగానే. ఎంత హాయిగా ఉందో ఈ పని. ఎవరికీ చెప్పను.

జూలై 2, బుధవారం

ఆసుపత్రికి వెళ్లొచ్చాను. ఇవాళ రాయను.

జూలై 3

రాయాలి. రాయకపోతే నేను కూడా నేను తిట్టేవాళ్లలో ఒకణ్ణి.

బడిలో పరీక్షలని తియామికే రాలేకపోయింది, పిల్లని నేనే తీసుకెళ్లాను. చవింగా గారు పొట్టిగా, గట్టిగా ఉండే మనిషి. మెడ తడిమి చూశారు. ఏ మార్పూ లేదే అన్నట్టు కనుబొమలు ముడిచారు. ఇంట్లో ఎలా చేస్తున్నారో చేసి చూపించమన్నారు.

చూపించాను. ఫాలెసి అనుమతి తీసుకుని, భుజం పట్టుకుని, మొహం తిప్పి, లెక్కపెట్టాను. పిల్ల నవ్వింది. చూశారా అన్నట్టు ఆవిడ వైపు చూశాను.

ఆవిడ పిల్ల మొహం చూశారు, నా చేతులు చూశారు. తర్వాత నెమ్మదిగా అడిగారు.

"మీరు ఏ చేత్తో తింటారండీ?"

ఈ ప్రశ్నకి నా దగ్గర జవాబు నలభై ఏళ్లుగా సిద్ధంగా ఉంది. మొదలుపెట్టాను. మాస్టారు, రూళ్లకర్ర, కుడి చేతికి ఉన్న పెత్తనం. రెండో వాక్యం మధ్యలో నా గొంతు నాకే వినపడటం మానేసింది.

ఆవిడది ఉత్తరాది. వాళ్ల మాటలో కుడిని తినే వైపు అంటారు, దానికి వేరే మాటే లేదు. ఇరవై ఏళ్లుగా మా భాష మాట్లాడుతున్నా ఆ ఒక్కటి మాత్రం నాలుకని వదల్లేదట. తియామికే కుడి చేత్తో తినే మనిషి కాబట్టి ఆ మాట విన్నా, రాసుకున్నా, కుడి అనే అర్థం చేసుకుంది. చీటీని అక్షరం అక్షరం నమ్మినవాణ్ణి నేనొక్కణ్ణే.

బిగుసుకున్నది పిల్ల కుడి మెడ. మొహం ఎడమకి పోయి ఉంది. నేను ఇరవై మూడు రోజులు ఎడమకే తిప్పాను. ఎలాగూ తిరిగే వైపుకి. అందుకే ఏడవలేదు. మర్యాద వల్ల కాదు.

"నా తప్పూ ఉందండీ, కుడి అని చెప్పాల్సింది" అన్నారావిడ. మామూలుగా అయితే అలాంటి ఒప్పుకోలు దొరికితే నేను రెండు వారాలు రాసుకుంటాను. తల ఊపి ఊరుకున్నాను.

ఎంత నష్టం అని అడిగాను. పిల్ల చిన్నది, కండరం మెత్తన, మళ్లీ అందుకోవచ్చు అన్నారు. కానీ సెప్టెంబరు ఆఖరుకి పిల్ల తనంతట తానే కుడికి తిరిగి చూడాలి. చూడకపోతే బ్లాంటైర్‌లో సర్జన్‌కి ఉత్తరం రాస్తానన్నారు. ఏడాది నిండాక కోసి కండరం వదులు చేస్తారు.

ఇంట్లో చెప్పండి అన్నారు. చెబుతానన్నాను.

జూలై 4

కుడికి తిప్పాను. ఏడ్చింది. ముప్పై అంకెలు ఎంత పొడుగో ఇవాళ తెలిసింది.

చెప్పలేదు. తియామికే పరీక్ష పేపర్లతో అలసిపోయి ఉంది.

జూలై 6, ఆదివారం

స్వాతంత్ర్య దినం. పండగ పూట ఎందుకని.

జూలై 8

ఏడ్చింది. రెండుసార్లూ. నా మొహం చూడగానే పెదవి విరిచింది. అక్క గుమ్మంలోంచి చూసింది, నేను ఎటు తిప్పుతున్నానో కూడా చూసింది. ఏమీ అనలేదు. అనకుండా ఉండటం ఆవిడ అలవాటు కాదు.

నిజానికి చెప్పాల్సిన అవసరం ఏముంది అని ఇవాళ ఆలోచించాను. పని సరైన వైపు జరుగుతోంది. చెప్పడం వల్ల పిల్ల మెడకి ఏం లాభం? నా మనసు తేలికవుతుంది, అంతే. అది స్వార్థం. కాబట్టి చెప్పకపోవడమే.

పై పేరా మళ్లీ చదివాను. ఇలాంటి వాక్యాలు రాసిన మంత్రిని మే నెలలో చీల్చి చెండాడాను.

జూలై 11, శుక్రవారం

తియామికే ఇవాళ పెందలాడే వచ్చింది. వీధిలోకి రాగానే ఏడుపు వినిపించిందట. నా చేతుల్లోంచి పిల్లని తీసుకుంది, భుజాన వేసుకుంది, గది చివరిదాకా నడిచి వచ్చింది.

"మావయ్యా, రేపట్నుంచి మీరొద్దు. అమ్మే ఎలాగో చేస్తుంది. పోయిన నెలంతా మీ చేతిలో నవ్వేది, ఇప్పుడేమో ఇలా. మీకు విసుగొచ్చింది. నేనేం అనుకోను."

విసుగొచ్చిందని ఒప్పుకుంటే సరిపోయేది. ఎంత సులువైన దారి ఇచ్చిందో నా మేనకోడలు.

"నవ్వినప్పుడే తప్పు చేశాను. ఎడమకి తిప్పాను. నేను తినే చేతి వైపు."

ఆమె చీటీ వంక చూసింది, నా చేతి వంక చూసింది. అర్థమవుతుంటే మొహం ఒక్కో మెట్టు దిగడం చూశాను.

"ఎన్నాళ్లు?"

"ఇరవై మూడు రోజులు. రెండో తారీఖున తెలిసింది."

"ఇవాళ పదకొండు."

"అవును."

"అంటే సాయంత్రం నేను ఏడిపించి తిప్పిందాన్ని, పొద్దున్నే మీరు నవ్వించి వెనక్కి తిప్పారు. పైగా నా చేతికి మర్యాద తెలియదని పాఠం చెప్పారు."

వాదనలో ఇంత నీట్‌గా నన్నెవరూ పడగొట్టలేదు. సర్జన్ సంగతి కూడా చెప్పేశాను. ఆమె పిల్లని తీసుకుని లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. చప్పుడు రాకుండా వేసుకుంది, అది ఇంకా బరువుగా ఉంది.

వంటింట్లో అక్క నాకు ముద్ద, ఎండు ఉసిపా చేపల కూర వడ్డించింది. "ఆ రోజు నేను అడిగాను" అంది. ఒక్కసారే అంది.

జూలై 12, శనివారం

పొద్దున్నే తియామికే వచ్చి పిల్లని నా ఒళ్లో పెట్టింది. ఫాలెసి చొక్కాలన్నిటికీ కుడి భుజం మీద ఎర్ర గుండీ కుట్టి ఉంది. చీటీ చింపి వేరేది అంటించింది. టీచర్ దస్తూరీ, పెద్ద అక్షరాలు: "మొహం గుండీ వైపు. వాదించొద్దు."

రాత్రంతా కూర్చుని కుట్టి ఉంటుంది. నా చేతికి పిల్లని మళ్లీ ఇచ్చింది. ఈ రెండు వాక్యాలు పక్కపక్కన రాసుకుని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.

జూలై 14

పందొమ్మిదేళ్లలో మొదటిసారి కాలమ్‌లో నా తప్పు ఒకటి రాశాను. సంపాదకుడు ఫోన్ చేసి ఒంట్లో ఎలా ఉందని అడిగాడు.

జూలై 19, శనివారం

బుధవారం ఆసుపత్రిలో చవింగా గారు పిల్లని ఎలా మోస్తున్నారని అడిగారు. అందరిలాగే, అక్క వీపున కడుతుంది అన్నాను. చిటెంజే గుడ్డ ఏ భుజం మీంచి వేస్తారని అడిగారు. కుడి భుజం మీంచి, ఎడమ చంక కిందనుంచి, ముందు ముడి. ఈ ఊళ్లో ఆడవాళ్లంతా అంతే. అప్పుడు గుడ్డ కుడివైపు ఎత్తుగా అడ్డం నిలుస్తుంది, పిల్ల లోకాన్ని చూడాలంటే ఎడమకే తిరగాలి. రోజుకి మూడు గంటలు ఆ గుడ్డే మా పని చెడగొడుతోంది.

"మీరు కట్టుకోండి" అన్నారావిడ. "మీ ఎడమ చేతివాటానికి గుడ్డ ఎడమ భుజం మీంచి పడుతుంది."

మగవాళ్లు పిల్లల్ని వీపున కట్టుకోవాలని ఈ దేశంలో మొట్టమొదట రాసినవాణ్ణి నేను. ఎన్నడూ కట్టుకోలేదు. నాకు పిల్లలు లేరన్నది కారణం కాదు, సాకు.

ఇవాళ కట్టుకున్నాను. ముందుకి వంగి, అక్క పిల్లని వీపు మీద పెడితే, నా ఎడమ భుజం మీంచి గుడ్డ లాగి ముడి వేశాను. మూడోసారికి నిలిచింది. అక్క గోడ పట్టుకుని నవ్వింది. అలా నవ్వి ఎన్నేళ్లయిందో. నవ్వి నవ్వి నా ముడి ఇంకాస్త బిగించింది.

బజారుకి వెళ్లాను. టమాటాల వరసలో ఉన్న ఆడవాళ్లు మాట్లాడటం ఆపేశారు. ఒకావిడ నన్ను తిరగమంది, ముడి చూడాలట. సైకిల్ టాక్సీ కుర్రాళ్లు వదలలేదు.

"అమ్మగారూ, ఎక్కండి. బాలింతలకి మెల్లగా తొక్కుతాం."

"మీ అమ్మ నిన్ను మోసినప్పుడు ఇంత మెల్లగానే నడిచి ఉంటుంది, అందుకే ఇంకా ఇక్కడే ఉన్నావు" అన్నాను. మిగతావాళ్లు వాణ్ణి పట్టుకుని నవ్వారు. ఉల్లిపాయలు కొనే కాసేపట్లో వీపు మీద చిన్న కదలిక. తల మెల్లగా కుడికి పోయింది, నా కుడి భుజం పక్కకి. అటు మేకలున్నాయి. మేకలు పోగానే మళ్లీ చెంప వీపుకి ఆన్చేసింది.

ఇంటికి పొడుగు దారిన వచ్చాను.

ఆగస్టు 20, బుధవారం

చవింగా గారి చేతిలో గడ్డం దాదాపు భుజం దాకా వచ్చింది. గింజ కూడా కరిగింది, తడిమితే కందిబద్దంతే. కానీ వీపు మీద నుంచి దించాక పిల్ల తనంతట తాను తిరగడం లేదు. దారి తెరుచుకుంది, నడవాలని ఆమెకి అనిపించాలి అన్నారావిడ. అనిపించేలా చేయడం మందుల్లో లేదు.

తేదీ వేశారు. సెప్టెంబరు 24.

సెప్టెంబరు 3

కుడివైపు తాళాలు మోగించాను. తిరగలేదు. తియామికే గిలక్కాయ, అక్క గరిట, నా రేడియో. కళ్లు మాత్రం తిప్పింది. మెడకి శ్రమ ఎందుకని.

సెప్టెంబరు 9

తిరగలేదు.

సెప్టెంబరు 15

తిరగలేదు. తియామికే ఇవాళ నాతో, "మావయ్యా, కోయాల్సొస్తే మీరే కారణమని నేను ఎప్పటికీ అనను" అంది. అననని ముందే చెప్పడం ఎంత పెద్ద అనడమో ఆమెకి తెలుసా? తెలియదు. పక్కన కూర్చుని నా పళ్లెంలోంచే తిన్నది.

సెప్టెంబరు 24, బుధవారం

ముగ్గురం వెళ్లాం. తియామికే పిల్లని ఒళ్లో పెట్టుకుని లోపలి బల్ల మీద, గోడ పక్కన కూర్చుంది. నేను కూర్చోబోతుంటే చీట్లు రాసే కుర్రవాడు మగవాళ్లు బయట మామిడిచెట్టు కింద కూర్చోవాలి సార్ అన్నాడు. ఎవరు పెట్టారీ నియమం అని అడిగాను. ఎప్పట్నుంచో ఉంది అన్నాడు. ఎప్పట్నుంచో ఉండటం నియమానికి అర్హత కాదు, వయసు, అన్నాను. ఇక మొదలైంది. ఈ పిల్ల మెడ మీద నూట ఏడు రోజులు పనిచేసిన మనిషి చెట్టు కింద, ఒక్కరోజు కూడా చేయని కుర్చీలు లోపలా? తండ్రుల్ని బయట కూర్చోబెట్టి, తర్వాత మీకు బాధ్యత లేదని వాళ్లకి ఉపన్యాసాలా? వరసలో ఉన్న తల్లులందరూ నా వైపు తిరిగారు.

"మావయ్యా" అంది తియామికే. వింతగా అంది.

గొడవ చేస్తున్నాననుకుని గొంతు తగ్గించాను. అప్పుడు చూశాను. గోడ వైపు ఉండాల్సిన ఫాలెసి మొహం నా వైపు ఉంది. నేను నిలబడ్డది ఆమెకి కుడిపక్క. మెడ చాచి, నోరు తెరిచి, కళ్లు పెద్దవి చేసుకుని వింటోంది. ఎవరి చెయ్యీ లేదు. గొంతు తగ్గించేసరికి మొహం మెల్లగా గోడ వైపు జారిపోయింది.

గది గుమ్మంలో చవింగా గారు ఎంతసేపట్నుంచి నిలబడ్డారో.

"ఆపారేమండీ? కానివ్వండి" అన్నారు.

కానీ ఈలోగా చీట్ల కుర్రవాడు భయపడిపోయి, "మీరు చెప్పింది నిజమే సార్, లోపలే కూర్చోండి" అన్నాడు. గెలిచాను. నా జీవితంలో ఇంత పనికిరాని గెలుపు లేదు. ఇప్పుడు ఎవరితో వాదించను?

తియామికే నన్ను చూస్తోంది. ఆ చూపుకి ఏ చీటీ అక్కర్లేదు. అందుకని వాదనలో రెండో పక్క తీసుకున్నాను. అంత తేలిగ్గా ఒప్పుకుంటావా అని ఆ కుర్రవాడి మీదే పడ్డాను. నియమం అన్నాక నియమమే. ఇరుకు గదిలో తల్లులు పాలిస్తారు, మగవాళ్లు చొరబడితే వాళ్లకెంత ఇబ్బంది. పైగా నాలాంటివాళ్లు లోపలికొస్తే గొంతు తగ్గించరు. మామిడిచెట్టు నీడ మంచిది, గాలి తగులుతుంది. నా జన్మలో నేను రాసినవాటన్నిటినీ వరసగా ఖండించాను, ఉదాహరణలతో సహా. తల్లులు నోళ్లు నొక్కుకుని నవ్వారు. కుర్రవాడు ఎవరికి తల ఊపాలో తెలియక అందరికీ ఊపాడు.

ఫాలెసి తిరిగింది. ఈసారి పూర్తిగా. నేను ముగించేదాకా తిరిగే ఉంది.

చవింగా గారు ఆసుపత్రి పుస్తకంలో రాశారు. సర్జన్ పేరు రాయలేదు. డిసెంబరులో ఒకసారి చూపించమన్నారు, అంతే. తియామికే ఆ పేజీ రెండుసార్లు చదివి, పిల్లని నా వీపున తానే కట్టింది.

ఒక్క విషయం ఒప్పుకోవాలి, ఇక్కడ మాత్రమే. ఆ రెండో పక్క వాదనలో కూడా కొంచెం బలం ఉంది. నీడ విషయంలో.